మధ్య చెవి పునర్నిర్మాణం - దీర్ఘకాలిక వినికిడి ఫలితాలు

మధ్య చెవి పునర్నిర్మాణ శస్త్రచికిత్స అనగా చిల్లుపడిన కర్ణభేరిని అతికి, దెబ్బతిన్న చెవి ఎముకల గొలుసును తిరిగి కలిపి, ధ్వని లోపలి చెవికి చేరే మార్గాన్ని సరిచేసే వైద్య ప్రక్రియ. దీనిని వైద్యులు టింపనోప్లాస్టీ అంటారు. కర్ణభేరిని మాత్రమే అతికితే మిరింగోప్లాస్టీ అనీ, ఎముకల గొలుసును సరిచేస్తే ఆసిక్యులోప్లాస్టీ అనీ పిలుస్తారు. ఆపరేషను జరిగిన మూడు నెలలకు వినికిడి ఎలా ఉన్నదన్నది ఒక ప్రశ్న, పది సంవత్సరాల తరువాత ఎలా ఉన్నదన్నది మరొక ప్రశ్న. ఈ వ్యాసం ప్రధానంగా రెండవ ప్రశ్నకు సంబంధించినది.

హైదరాబాదులో ఈ శస్త్రచికిత్సకు చిరకాలంగా పేరుపడిన చోటు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి. ఇది ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్నది. అబిడ్స్ నుండి ఇక్కడికి నడిచి వెళ్ళవచ్చును. నాంపల్లి స్టేషనులో రైలు దిగిన జిల్లాల రోగులకు కూడా ఇది దూరం కాదు.

చెవి నిర్మాణం, ధ్వని ప్రయాణం

చెవిని బాహ్య చెవి, మధ్య చెవి, లోపలి చెవి అని మూడు భాగాలుగా చెప్పడం పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. మధ్య చెవి గాలితో నిండిన చిన్న గది. దాని బయటి గోడ కర్ణభేరి. లోపలి గోడకు అండాకార గవాక్షం, వర్తుల గవాక్షం అనే రెండు కిటికీలు ఉంటాయి. కర్ణభేరికీ అండాకార గవాక్షానికీ మధ్య కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు ఎముకలు గొలుసుగా అమరి ఉంటాయి. ఈ గది నుండి ముక్కు వెనుక భాగానికి యూస్టేషియన్ నాళం అనే సన్నని దారి ఉంటుంది. గదిలోని గాలి ఒత్తిడి బయటి గాలితో సమానంగా ఉండేట్లు చూసేది ఈ నాళమే. శస్త్రచికిత్స ఎంత కాలం నిలుస్తుందన్నది చాలా వరకు ఈ నాళం పనితీరుపైనే ఆధారపడుతుంది కనుక పాఠకులు దీనిని గుర్తుంచుకోవాలి.

లోపలి చెవి ద్రవంతో నిండి ఉంటుంది. గాలిలో వచ్చే ధ్వని నేరుగా ద్రవాన్ని తాకితే అందులో అత్యధిక భాగం వెనక్కి పరావర్తనం చెందుతుంది. చెరువులో మునిగినవారికి గట్టు మీది మాటలు వినబడకపోవడానికి కారణం ఇదే. ఈ నష్టాన్ని పూడ్చడానికి మధ్య చెవిలో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. కర్ణభేరిలో కంపించే వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు కాగా కర్ణాంతరాస్థి అడుగు పలక వైశాల్యం 3.2 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. పెద్ద పలక మీద పడిన బలం చిన్న పలక మీదికి చేరడం వలన ఒత్తిడి సుమారు 17 రెట్లు పెరుగుతుంది. కూటకం, దాగలి కలిసి తులాదండం వలె పనిచేసి దానిని మరొక 1.3 రెట్లు చేస్తాయి. రెండూ కలిస్తే సుమారు 22 రెట్లు, అనగా 25 డెసిబెల్లకు మించిన లాభం.

కర్ణభేరికి చిల్లు పడితే, దాని పరిమాణాన్ని బట్టి 10 నుండి 40 డెసిబెల్ల వరకు వినికిడి తగ్గవచ్చు. కర్ణభేరి చెక్కుచెదరక వెనుక గొలుసు మాత్రమే తెగితే నష్టం 60 డెసిబెల్ల వరకు ఉంటుంది. వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. చిల్లు ఉన్న చెవిలోకి కొంత ధ్వని నేరుగానైనా ప్రవేశిస్తుంది, మూసి ఉన్న కర్ణభేరి దానిని కూడా అడ్డుకుంటుంది. అందువలన ఎముకలు అరిగిన చెవిలో చిల్లును మాత్రమే అతికి గొలుసును కలపకపోతే, ఆపరేషను "విజయవంతం" అయ్యాక రోగికి మునుపటి కంటే తక్కువ వినబడే అవకాశం ఉన్నది.

వ్యాధి

ఈ ఆపరేషను అవసరమయ్యే వారిలో ఎక్కువ మంది దీర్ఘకాలంగా చెవి నుండి చీము కారే వ్యాధి ఉన్నవారు. సాధారణంగా ఇది బాల్యంలో, జలుబు తరువాత మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో ప్రచురించిన అంచనా ప్రకారం ప్రపంచంలో 6.5 కోట్ల నుండి 33 కోట్ల మంది చెవుల నుండి చీము కారుతున్నది. వారిలో దాదాపు 60 శాతం మందికి చెప్పుకోదగిన వినికిడి లోపం ఉన్నది. ఈ వ్యాధి అత్యధికంగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం కూడా ఉన్నది.

వ్యాధిలో రెండు రకాలు ఉన్నాయి. మొదటిదానిలో కర్ణభేరి మధ్యలో చిల్లు ఉండి, జలుబు చేసినప్పుడు గానీ నీరు పోయినప్పుడు గానీ చీము వస్తుంది. రెండవదానిలో చర్మపు పొర మధ్య చెవిలోకి చొచ్చుకుపోయి సంచి వలె పెరుగుతూ చుట్టుపక్కల ఎముకను తినివేస్తుంది. దీనిని కొలిస్టియటోమా అంటారు. పేరులో "ఓమా" ఉన్నా ఇది క్యాన్సరు కాదు. కానీ నిర్లక్ష్యం చేస్తే ముఖ నాడిని దెబ్బతీసి మూతి వంకర పోవడానికీ, మెదడులో చీముగడ్డలు ఏర్పడటానికీ దారి తీయవచ్చును. కొలిస్టియటోమా ఉన్న చెవిలో శస్త్రవైద్యుని మొదటి లక్ష్యం ప్రాణరక్షణ, రెండవది చెవి పొడిబారడం, మూడవది మాత్రమే వినికిడి. ఈ వరుసను రోగికి ముందే చెప్పకపోతే తరువాత నిరాశ తప్పదు.

చెవిపోటు వస్తే కాచిన నూనె చుక్కలు పోయడం తెలుగునాట ఇంటింటా ఉన్న అలవాటు. గుబిలి తీయడానికి పిన్నీసులు, అగ్గిపుల్లలు వాడటం కూడా అంతే. ఆరోగ్యవంతమైన చెవిలో గోరువెచ్చని నూనె వలన పెద్ద ప్రమాదం లేకపోవచ్చును గానీ చిల్లు ఉన్న చెవిలో అది నేరుగా మధ్య చెవిలోకి దిగుతుంది. అతికిన చెవిలో ఈ పనులేవీ చేయరాదు.

చరిత్ర

కర్ణభేరి చిల్లును చర్మంతో మూయవచ్చునని జర్మనీకి చెందిన బెర్తోల్డ్ 1878లో చూపించాడు. కానీ చెవి లోపల పనిచేయాలంటే చూపు కావాలి. 1920వ దశకం మొదట్లో స్వీడన్‌లో నైలెన్, హోల్మ్‌గ్రెన్ చెవి శస్త్రచికిత్సకు సూక్ష్మదర్శినిని వాడారు. 1953లో జైస్ సంస్థ తయారుచేసిన శస్త్రచికిత్స సూక్ష్మదర్శినితో, అప్పటికే అందుబాటులోకి వచ్చిన పెన్సిలిన్ వంటి మందులతో, పరిస్థితి పూర్తిగా మారిపోయింది. అంతకు ముందు చెవి శస్త్రచికిత్స అంటే చీము పట్టిన ఎముకను తొలచివేయడమే. రోగి బ్రతికితే చాలు, వినికిడి ఊసు ఎవరూ ఎత్తేవారు కారు.

1950లలో జర్మనీకి చెందిన వూల్‌స్టైన్, జోల్నర్ అనే ఇద్దరు వైద్యులు మధ్య చెవిని తిరిగి నిర్మించే పద్ధతులను క్రమబద్ధం చేశారు. వూల్‌స్టైన్ చేసిన అయిదు రకాల వర్గీకరణ ఇప్పటికీ విద్యార్థులకు బోధిస్తున్నారు. మొదటి రకంలో గొలుసు బాగుంటుంది, చిల్లును మాత్రమే అతుకుతారు. రెండవ రకంలో కూటకం కొంత అరిగి ఉంటుంది. మూడవ రకంలో కూటకం, దాగలి రెండూ పనికిరాకపోగా అతుకును నేరుగా కర్ణాంతరాస్థి తలపై ఆనిస్తారు. పక్షుల చెవిలో మూడు ఎముకలకు బదులు కొల్యుమెల్లా అనే ఒకే ఎముక ఉంటుంది. మూడవ రకం చెవి ఇంచుమించు పక్షి చెవి వంటిదే. నాల్గవ, అయిదవ రకాలు నేడు అరుదు.

మధ్య చెవి శస్త్రచికిత్సలోనే మరొక శాఖ కర్ణాంతరాస్థి బిగుసుకుపోయే ఆటోస్క్లీరోసిస్ వ్యాధికి సంబంధించినది. 1956లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో జాన్ షే బిగిసిన ఎముకను తొలగించి దాని స్థానంలో టెఫ్లాన్ కృత్రిమ ఎముకను అమర్చాడు. అదే కాలంలో కర్ణభేరి అతుకుకు చర్మానికి బదులుగా, కణత కండరాన్ని కప్పి ఉండే పలుచని పొరను వాడటం మొదలైంది. ఈ పొర అదే గాటులో దొరుకుతుంది, ప్రత్యేకంగా ఖర్చు లేదు, చాలా కాలం మన్నుతుంది. భారతదేశంలో నేటికీ అత్యధిక అతుకులు దీనితోనే జరుగుతున్నాయి.

హైదరాబాదులో

ఉస్మానియా వైద్య కళాశాల 1846లో హైదరాబాదు వైద్య పాఠశాలగా మొదలైనది. శస్త్రచికిత్స చరిత్రలో ఈ నగరం పేరు ఒకసారి ప్రపంచమంతటా వినబడింది. క్లోరోఫారమ్ మత్తు వలన మరణాలు గుండె ఆగడం వలన జరుగుతున్నాయా, శ్వాస ఆగడం వలనా అన్నది తేల్చడానికి ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో 1888లోనూ 1889లోనూ ఇక్కడ క్లోరోఫారమ్ కమిషన్లు పనిచేశాయి. ఆరవ నిజాం వీటికి ధనసహాయం చేశాడు. శ్వాసే ముందు ఆగుతుందన్న వారి తీర్పును తరువాతి పరిశోధనలు నిలబెట్టలేదు. నేడు పెద్దవారిలో కర్ణభేరి అతికే ఆపరేషను చాలా వరకు చెవి చుట్టూ మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. రోగి మెలకువగా ఉండి, ఎముకలు కలిసిన క్షణంలోనే "వినబడుతున్నది" అని చెప్పే సందర్భాలు కూడా ఉంటాయి.

అబిడ్స్ అనే పేరు ఆరవ నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ నడిపిన దుకాణం వలన వచ్చినది. అబిడ్స్, నాంపల్లి, కోఠీ మూడూ ఒకదానినొకటి ఆనుకుని ఉన్న పాత వ్యాపార ప్రాంతాలు. నాంపల్లి రైల్వే స్టేషను, ఇమ్లీబన్ బస్సు స్టేషను సమీపంలో ఉండటం వలన జిల్లాల నుండి వచ్చే రోగులకు ఈ ప్రాంతం అనుకూలం. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఈ మార్గంలో మొదలైన తరువాత నాంపల్లి నుండి గాంధీభవన్ మీదుగా రెండవ స్టేషనులోనే ఉస్మానియా వైద్య కళాశాల వద్ద దిగవచ్చును.

నగరానికి వినికిడి రంగంతో మరొక సంబంధం ఉన్నది. ముంబయిలో 1983లో స్థాపించబడిన జాతీయ వినికిడి సంస్థకు హైదరాబాదుకు చెందిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉన్నది. వినికిడి పరీక్షలు చేసే నిపుణులకు ఇక్కడ శిక్షణ ఇస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను చేయించి పేరు తెచ్చుకున్నది. అయితే కాక్లియర్ ఇంప్లాంట్ లోపలి చెవి పనిచేయని వారికి. మధ్య చెవి పునర్నిర్మాణం లోపలి చెవి బాగున్నవారికి. ఈ రెంటినీ ఒకటిగా భావించడం తరచుగా కనబడే పొరపాటు.

ఫలితాలను కొలిచే విధానం

వినికిడిని ఆడియోమీటరుతో కొలిచి ఆడియోగ్రామ్ అనే పటం మీద గుర్తిస్తారు. హెడ్‌ఫోను ద్వారా వినిపించేది గాలి మార్గం, చెవి వెనుక ఎముకపై కంపన పరికరం ఉంచి వినిపించేది ఎముక మార్గం. ఎముక మార్గం మధ్య చెవిని దాటి నేరుగా లోపలి చెవిని పరీక్షిస్తుంది. ఈ రెండు కొలతల మధ్య తేడాను గాలి-ఎముక అంతరం అంటారు. మధ్య చెవిలో ఎంత నష్టం జరిగినదో ఇది చెబుతుంది. శ్రుతిదండంతో చేసే రిన్నీ, వెబర్ పరీక్షలు ఇదే విషయాన్ని స్థూలంగా తెలియజేస్తాయి.

1995లో అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘం ఒక పద్ధతిని సూచించింది. దాని ప్రకారం 500, 1000, 2000, 3000 హెర్ట్జ్‌ల వద్ద కొలతల సగటు తీసుకుని, ఆపరేషను తరువాతి గాలి-ఎముక అంతరాన్ని చెప్పాలి. అంతరం 20 డెసిబెల్లు లేదా అంతకు లోపు ఉంటే సాధారణంగా విజయంగా పరిగణిస్తారు. కర్ణాంతరాస్థి ఆపరేషనుకు ఇంకా కఠినంగా 10 డెసిబెల్లను హద్దుగా తీసుకుంటారు. దీర్ఘకాలిక ఫలితం అని చెప్పాలంటే కనీసం ఒక సంవత్సరం గడవాలి. ఒక సంవత్సరాన్ని దీర్ఘకాలం అనడం ఉదారమైన లెక్కే. ముప్పయ్యేళ్ళ మనిషి ఆ చెవితో మరో నలభై ఏళ్ళు బ్రతకాలి కదా.

అంతరం పూడినంత మాత్రాన రోగికి మేలు జరిగినట్లు కాదు. ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒక వ్యక్తి కుడి చెవి 55 డెసిబెల్ల వద్ద, ఎడమ చెవి 10 డెసిబెల్ల వద్ద వినగలుగుతున్నాడని అనుకుందాం. కుడి చెవికి ఆపరేషను చేసి 35కు తెచ్చారు. ఎముక మార్గం 15 అయితే అంతరం 40 నుండి 20కి తగ్గింది, నివేదికలో ఇది విజయం. కానీ రోజువారీ సంభాషణలో అతడు ఎడమ చెవితోనే వింటాడు కనుక తేడా పెద్దగా తెలియదు. రెండు చెవులూ 55 వద్ద ఉన్న మరొకరికి ఇదే 20 డెసిబెల్ల లాభం జీవితాన్ని మార్చివేస్తుంది. తరగతిలో ఉపాధ్యాయుడి గొంతు, బస్సులో కండక్టరు పిలుపు అతనికి మళ్ళీ వినబడతాయి. బెల్‌ఫాస్ట్‌కు చెందిన స్మిత్, ప్యాటర్సన్ 1985లో దీనిని ఒక సూత్రంగా చెప్పారు. ఆపరేషను తరువాత ఆ చెవి 30 డెసిబెల్లు లేదా అంతకంటే మెరుగైన స్థాయికి రావాలి, లేదా రెండు చెవుల మధ్య తేడా 15 డెసిబెల్ల లోపు ఉండాలి. ఈ రెంటిలో ఏదీ జరగకపోతే రోగి మేలును గ్రహించలేడు. ఆపరేషనుకు ముందే ఈ సూత్రాన్ని ఉపయోగించి, ఈ చెవికి ఆపరేషను వలన ఎంత లాభమో రోగితో చర్చించవచ్చు. దీనిని బెల్‌ఫాస్ట్ సూత్రం అంటారు.

దీర్ఘకాలిక ఫలితాలు

కర్ణభేరి మాత్రమే అతికిన చెవులలో ఫలితాలు అన్నింటికంటే మెరుగు. అనుభవజ్ఞుల చేతిలో నూటికి 85 నుండి 95 అతుకులు నిలుస్తాయి. చిల్లు పెద్దదైనా, కర్ణభేరి ముందు అంచు వరకు వ్యాపించినా ఈ సంఖ్య తగ్గుతుంది. ముందు భాగానికి రక్తప్రసరణ తక్కువ, అతుకుకు ఆనుడు కూడా తక్కువ. నిలిచిన అతుకులలో చాలా వరకు సంవత్సరాల తరబడి అలాగే ఉంటాయి, వినికిడి కూడా స్థిరంగా ఉంటుంది. చెడిపోయేవి సాధారణంగా మొదటి రెండు మూడు సంవత్సరాలలోనే చెడిపోతాయి.

ఎముకల గొలుసును కలిపిన చెవుల సంగతి వేరు. ఇందులో రెండు విధాలు. కర్ణాంతరాస్థి పైభాగం మిగిలి ఉంటే పాక్షిక కృత్రిమ ఎముకను దాని తలపై నిలబెడతారు. అడుగు పలక తప్ప ఏమీ మిగలకపోతే పూర్తి కృత్రిమ ఎముకను పలక మీద నిలబెడతారు. అనేక పరిశీలనలలో పాక్షిక రకంలో మూడింట రెండు వంతుల చెవులు, పూర్తి రకంలో సుమారు సగం చెవులు 20 డెసిబెల్ల హద్దులోకి వచ్చాయి. కర్ణాంతరాస్థి మిగిలి ఉన్నదా లేదా, కూటకం పిడి మిగిలి ఉన్నదా లేదా అన్న రెండు విషయాలు ఫలితాన్ని చాలా వరకు ముందే నిర్ణయిస్తాయి. ఆస్టిన్ అనే వైద్యుడు 1971లో ఎముకల నష్టాన్ని వర్గీకరించినది ఈ రెంటిని ఆధారం చేసుకునే. తరువాత కార్టష్ చెవి చీము, చిల్లు, కొలిస్టియటోమా, ఎముకల స్థితి, పూర్వపు ఆపరేషన్లు మొదలైన వాటికి మార్కులు వేసి మధ్య చెవి ప్రమాద సూచికను రూపొందించాడు. పొగ త్రాగడాన్ని కూడా ఇందులో చేర్చారు. సూచిక ఎక్కువైన కొద్దీ ఫలితం తగ్గుతుంది.

గొలుసును కలిపిన చెవులలో వినికిడి మొదటి సంవత్సరంలో శిఖరానికి చేరి, ఆ తరువాత కొన్నింటిలో నెమ్మదిగా తగ్గుతుంది. పూర్తి రకంలో ఈ తగ్గుదల ఎక్కువ. కాబట్టి మూడవ నెల ఆడియోగ్రామ్ చూసి ఇక సమస్య లేదనుకోవడం తొందరపాటు.

కర్ణాంతరాస్థి ఆపరేషనులో స్వల్పకాలిక విజయం 90 శాతానికి పైబడి ఉంటుంది. చీము వ్యాధి లేని శుభ్రమైన చెవిలో జరుగుతుంది కనుక ఈ ఫలితం చాలా కాలం నిలుస్తుంది. సుమారు ఒక శాతం లేదా అంతకంటే తక్కువ మందిలో ఆ చెవి వినికిడి పూర్తిగా పోవచ్చును. అందుకే రెండు చెవులకూ వ్యాధి ఉన్నప్పుడు తక్కువ వినబడే చెవికి ముందు చేస్తారు.

ఎందుకు తగ్గుతుంది?

అన్నింటికంటే ముఖ్యమైన కారణం యూస్టేషియన్ నాళం. మొదట కర్ణభేరిని పాడుచేసినది సరిగా పనిచేయని నాళమే అయితే, ఆపరేషను దానిని బాగుచేయలేదు. గదిలో గాలి ఒత్తిడి తగ్గి కొత్త కర్ణభేరి లోపలికి పీల్చబడుతుంది. అలా లోనికి కుంగినచోట చర్మం పేరుకుని కొలిస్టియటోమా తిరిగి ఏర్పడవచ్చు. కుంగుదలను ఆపడానికి కండరపు పొరకు బదులుగా చెవిడొప్ప నుండి తీసిన పలుచని మృదులాస్థి పలకను వాడుతున్నారు. మృదులాస్థి గట్టిది కనుక ధ్వనికి సరిగా కంపించదేమోనన్న అనుమానం మొదట ఉండేది. పలకను తగినంత పలుచన చేస్తే వినికిడిలో చెప్పుకోదగిన నష్టం లేదని తరువాత తేలింది.

రెండవది కృత్రిమ ఎముక జరగడం లేదా కర్ణభేరిని చీల్చుకుని బయటకు రావడం. 1970లలో వచ్చిన ప్లాస్టిక్ రకాలు ఎక్కువగా బయటపడేవి. 1980లలో హైడ్రాక్సీఅపటైట్, 1990లలో టైటానియం వాడుకలోకి వచ్చాక ఇది కొద్ది శాతానికి తగ్గింది. టైటానియం తలకూ కర్ణభేరికీ నడుమ మృదులాస్థి ముక్క ఉంచడం ఇప్పుడు సాధారణ పద్ధతి. రోగి సొంత దాగలిని చెక్కి తిరిగి అమర్చడం మరొక మార్గం. అది శరీరపు సొంత ఎముక కనుక బయటకు నెట్టివేయబడటం చాలా అరుదు, ఖర్చు లేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో దీనికి ఇప్పటికీ మంచి స్థానం ఉన్నది. అయితే కొలిస్టియటోమా తాకిన దాగలిని తిరిగి వాడటం ప్రమాదకరం, దానిలో వ్యాధి కణాలు దాగి ఉండవచ్చు.

మూడవది మచ్చకట్టడం. మధ్య చెవి లోపలి పొర ఎక్కువగా దెబ్బతిన్న చోట గోడలు ఒకదానికొకటి అతుక్కుని ఎముక కదలదు. సున్నపు పదార్థం పేరుకుపోయే టింపనోస్క్లీరోసిస్ కూడా ఇటువంటిదే. ఇటువంటి చెవులలో కొందరు వైద్యులు మొదటిసారి వ్యాధిని తొలగించి, 6 నుండి 12 నెలల తరువాత రెండవసారి తెరిచి ఎముకను అమరుస్తారు. మిగిలిపోయిన కొలిస్టియటోమా ఉంటే అప్పుడు కనబడుతుంది. ఈ మధ్య కాలంలో ప్రత్యేక రకపు ఎం.ఆర్.ఐ. పరీక్షతో దీనిని చాలా వరకు తెరవకుండానే గుర్తించగలుగుతున్నారు.

కొలిస్టియటోమాకు మాస్టాయిడ్ ఎముకను తొలిచేటప్పుడు చెవి దారి వెనుక గోడను ఉంచాలా, తీసివేయాలా అన్నది చెవి వైద్యులలో పాత వివాదం. గోడను ఉంచితే చెవి ఆకారం సహజంగా ఉంటుంది, కానీ వ్యాధి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. తీసివేస్తే వ్యాధి తిరిగి రావడం తక్కువ, కానీ ఏర్పడిన గుంతను జీవితాంతం ఆరు నెలలకో సంవత్సరానికో ఒకసారి వైద్యుని వద్ద శుభ్రం చేయించుకోవాలి. పుస్తకాలలో ఈ నిర్ణయం వ్యాధి విస్తృతిని బట్టి జరుగుతుంది. రోగి మళ్ళీ రాగలడా లేదా అన్నది కూడా అంతే ముఖ్యమని ఈ వ్యాస రచయిత అభిప్రాయం. ఏటా హైదరాబాదు రాలేని ఆదిలాబాదు కూలికి, పక్క వీధిలో ఉండే గుమాస్తాకు ఒకే ఆపరేషను సరిపడకపోవచ్చు.

చివరిది వయస్సు. ముప్పయ్యవ ఏట ఆపరేషను జరిగినప్పుడు ఒకరి ఎముక మార్గం 10, గాలి మార్గం 25 డెసిబెల్లు అనుకుందాం. యాభై అయిదవ ఏట లోపలి చెవి సహజంగా బలహీనపడి ఎముక మార్గం 30కి, గాలి మార్గం 45కు చేరితే అంతరం అప్పుడూ 15, ఇప్పుడూ 15. శస్త్రవైద్యుని లెక్కలో ఫలితం చెక్కుచెదరలేదు. రోగికి మాత్రం వినబడటం లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇటువంటి చెవికి మళ్ళీ ఆపరేషను చేయడం వలన ప్రయోజనం లేదు, వినికిడి యంత్రం కావాలి. చెవి పొడిగా ఉండటం వలన యంత్రపు అచ్చును హాయిగా పెట్టుకోగలగడం పాతికేళ్ళ నాటి ఆపరేషను చేసిన మేలే. చీము కారే చెవిలో అచ్చు పెట్టలేరు. చీము చాలా ఏళ్ళు కారితే లోపలి చెవికి కూడా కొంత నష్టం జరగవచ్చును.

తిరిగి రాని రోగులు

దీర్ఘకాలిక ఫలితాల గురించిన ఏ సంఖ్యనైనా చదివేటప్పుడు ఎంత మంది తిరిగి పరీక్షకు వచ్చారన్నది ముందు చూడాలి. నూరు మందికి ఆపరేషను చేయగా అయిదేళ్ళ తరువాత నలభై మంది మాత్రమే వచ్చారనీ, వారిలో ముప్పయి మందికి బాగున్నదనీ అనుకుందాం. ఇది 75 శాతం విజయమా? రాని అరవై మంది బాగున్నందువలన రాలేదా, విసిగి మరొక చోటికి వెళ్ళారా, ఖర్చులకు వెనుకాడారా అన్నది తెలియనంత వరకు ఆ సంఖ్యకు అర్థం లేదు. అందరూ బాగుంటే 90, ఒక్కరూ బాగుండకపోతే 30. ఇంత వెడల్పైన అనిశ్చితిలో దశాంశ బిందువు తరువాతి అంకెలతో పనిలేదు. దూరప్రాంతాల రోగులపై ఆధారపడిన పెద్ద ఆసుపత్రులన్నింటికీ ఈ ఇబ్బంది ఉన్నది. చెవి నొప్పి లేదు, చీము ఆగింది, ఆడియోగ్రామ్ కోసం ఒక రోజు కూలి వదులుకుని రైలెక్కి రావడం చాలా మందికి అనవసరంగా తోస్తుంది. దానిని తప్పు పట్టలేము.

జిల్లా స్థాయిలోనే ఆడియోమీటరూ దానిని వాడగలిగిన మనిషీ ఉంటే ఈ సమస్య చాలా వరకు తీరుతుంది. 2007లో కేంద్ర ప్రభుత్వం 25 జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన జాతీయ చెవుడు నివారణ, నియంత్రణ కార్యక్రమం ఉద్దేశాలలో జిల్లా ఆసుపత్రులకు పరికరాలు, శిక్షణ ఇవ్వడం ఒకటి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులలోనూ 60 నుండి 70 డెసిబెల్ల లోపం ఉన్నవారిని వినికిడి మందగించినవారిగా, అంతకు మించి ఉన్నవారిని బధిరులుగా పరిగణిస్తారు. చీము వ్యాధి వలన 50 డెసిబెల్ల వద్ద ఆగిన విద్యార్థికి ధ్రువపత్రం రాదు, తరగతిలో పాఠమూ వినబడదు. వెనుక బెంచీ పిల్లవాడు మందబుద్ధి అనిపించుకోవడానికి ఇది ఒక సాధారణ కారణం. ఆపరేషను ద్వారా అత్యధికంగా లాభపడేది కూడా ఈ వర్గమే.

ఆపరేషను తరువాత జాగ్రత్తలు

మొదటి కొద్ది వారాలు గట్టిగా ముక్కు చీదరాదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. బరువులు ఎత్తరాదు. తలస్నానం చేసేటప్పుడు వాజిలిన్ రాసిన దూదిని చెవిలో పెట్టుకోవాలి. విమానయానం, చెరువులో ఈత వైద్యుడు అనుమతించే వరకు మానాలి. నాలుకకు ఒక వైపు రుచి తగ్గినట్లు కొందరికి అనిపిస్తుంది. రుచి నాడి మధ్య చెవిలో నుండి పోతుంది కనుక ఇలా జరుగుతుంది, సాధారణంగా కొన్ని నెలలలో సర్దుకుంటుంది. హఠాత్తుగా వినికిడి పడిపోయినా, తల తిరిగినా, మూతి వంకర పోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

సాధారణంగా మూడవ నెలలో మొదటి ఆడియోగ్రామ్ తీస్తారు. ఆ తరువాత ఏడాదికి ఒకసారి తీయించడం మంచిది. ఈ కాగితాలన్నింటినీ రోగి తన వద్దే భద్రపరచుకోవాలి. పదేళ్ళ తరువాత మరొక వైద్యుడు ఆ చెవిని చూసినప్పుడు, లోపల ఏ రకపు ఎముక అమర్చారో, గోడను ఉంచారో తీసివేశారో, మొదట్లో ఎంత వినబడేదో తెలియజేసేవి అవే.